అక్క పెళ్లి డీవీడీలు కంప్యూటర్‌లో చూడడం: నా అనుభవం

డీవీడీలో కుదించి రాసిన వీడియోను విప్పి బొమ్మగా మార్చడమే డికోడింగ్. డీవీడీలు చూడడానికి హార్డ్‌వేర్ డికోడింగ్ (ఆ పనికే ఉన్న చిప్పు చేసేది) మేలా, సాఫ్ట్‌వేర్ డికోడింగ్ (ప్రాసెసర్ మీద ప్రోగ్రాం చేసేది) మేలా అని పాతికేళ్ల కిందట అడిగితే ఎవరైనా తడుముకోకుండా హార్డ్‌వేర్ అనే చెప్పేవారు. గుంటూరు అరండల్‌పేటలో మా బాబాయిగారి పెంటియం కంప్యూటర్‌లో అందుకోసమే సిగ్మా డిజైన్స్ వారి హాలీవుడ్ ప్లస్ కార్డు ఉండేది. గ్రాఫిక్స్ కార్డు నుంచి వచ్చే తీగ ముందుగా ఆ కార్డులోకి వెళ్లి, అక్కడి నుంచి మానిటర్‌కు చేరేది. ఎంపెగ్-2 (డీవీడీలలో వీడియోను కుదించే పద్ధతి) వీడియోను విప్పే పని మొత్తం ఆ కార్డు మీది చిప్పే చేసి, తెర మీద తన కోసం కేటాయించిన రంగు ఉన్న చోట బొమ్మను నింపేది. అందుకే స్క్రీన్‌షాట్ తీస్తే సినిమా ఉండవలసిన చోట ఒకే రంగు పలక కనిపించేది.

ఈ మధ్య విజయవాడలో మా ఇంటి బీరువాలోని అక్క పెళ్లి డీవీడీలను బయటికి తీసినప్పుడు ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురైంది. కొత్త ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేనందున గవర్నర్‌పేటలో యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కొన్నాను. విండోస్ 8 నుంచి విండోస్ మీడియా ప్లేయర్‌లో డీవీడీలు ఆడే సౌకర్యాన్ని తీసివేశారు కాబట్టి వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో పెట్టాను. బొమ్మ వచ్చింది గానీ, ఎవరైనా చేయి కదిపితే చాలు, ఆ చేతి అంచులు దువ్వెన పళ్లలా చీలిపోయేవి. అక్కడక్కడ డిస్కు మీది గీతల దగ్గర బొమ్మ ఆగిపోయి, ఆకుపచ్చ గడులు పరుచుకునేవి.

ఇందులో డ్రైవ్ చదవలేకపోవడం వల్ల వచ్చే తప్పు ఎంత, డికోడర్ వల్ల వచ్చే తప్పు ఎంత అనేది ముందుగా తేలాలి. అందుకని చెడిన భాగాలను పదేపదే చదివించే ప్రోగ్రాంతో డిస్కును మొత్తంగా హార్డ్‌డిస్కులోకి దింపుకున్నాను. స్టూడియోవారు రాసి ఇచ్చిన పెళ్లి డిస్కు కాబట్టి, దుకాణంలో కొన్న సినిమా డీవీడీలకు ఉండే సీఎస్ఎస్ తాళం (నకలు తీయకుండా వేసేది) దీనికి లేదు. చాలా చోట్ల ఆగిపోవడం దీనితోనే తగ్గింది. మిగిలిన గడుల సంగతి, దువ్వెన పళ్ల సంగతి డికోడింగ్ వైపు చూడవలసి వచ్చింది.

పరీక్షకు తలంబ్రాల ఘట్టాన్ని ఎంచుకున్నాను. వీడియో లైటు వెలుగులో వందల కొద్దీ పసుపు గింజలు ఒక్కసారిగా ఎగిరే ఆ దృశ్యం ఏ డికోడర్‌కైనా కఠిన పరీక్షే. మన దేశపు పాల్ (PAL) టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేములో 576 గీతలు. అయితే కెమెరా వాటిని ఒకేసారి తీయదు, ఒకటి విడిచి ఒకటిగా 288 గీతల చొప్పున రెండు ఫీల్డులుగా తీస్తుంది. ఒక ఫీల్డుకూ మరో ఫీల్డుకూ నడుమ సెకనులో యాభయ్యో వంతు గడిచే సరికి గింజ కిందికి జారిపోతుంది. రెండింటినీ ఉన్నవి ఉన్నట్లు కలిపి చూపిస్తే పళ్లు కనిపించక తప్పదు. పాత ట్యూబు టీవీ ఫీల్డులను ఒకదాని తరువాత ఒకటిగా చూపేది కాబట్టి ఇంతకాలం ఈ లోపం మా కంట పడలేదు.

వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్, కోడెక్స్ పుట తెరిచి హార్డ్‌వేర్ డికోడింగ్‌ను మార్చి మార్చి చూశాను. ఆటోమేటిక్‌లో ఉంచితే టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ చిప్పు పనిని చూపే వీడియో డికోడ్ గీత లేచింది, డిసేబుల్ చేస్తే ఆ గీత నేలకు అంటుకుపోయింది. అప్పుడు కూడా ప్రాసెసర్ మీద భారం చెప్పుకోదగినంత పెరగలేదు. డీవీడీలో వీడియో వేగం సెకనుకు 9.8 మెగాబిట్లు దాటకూడదు. నేటి ప్రాసెసర్‌కు అది ఒక బరువే కాదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ తొలి బోర్డులకు ఎంపెగ్-2 హార్డ్‌వేర్ డికోడింగ్ కావాలంటే లైసెన్సు విడిగా కొనవలసి వచ్చేది; నాలుగో తరం బోర్డులో ఆ హార్డ్‌వేర్ డికోడింగ్‌ను శాశ్వతంగా ఆపివేశారు, ప్రాసెసరే ఆ పని చేసుకుంటుంది.

అసలు తేడా డీఇంటర్‌లేసింగ్‌లో, అంటే ఫీల్డులను విడదీసి పళ్లు లేని పూర్తి ఫ్రేములు తయారుచేయడంలో కనిపించింది. హార్డ్‌వేర్ డికోడింగ్‌లో ఫ్రేము గ్రాఫిక్స్ మెమరీలోనే ఉండిపోతుంది కనుక, ఫీల్డులను విడదీసే పని కూడా చాలా వరకు గ్రాఫిక్స్ డ్రైవర్ ప్రోగ్రాం చేతిలోనే ఉంటుంది. మా ల్యాప్‌టాప్‌లో అది గింజలను మసకబార్చింది. సాఫ్ట్‌వేర్ డికోడింగ్ పెట్టి, డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, యాడిఫ్ 2ఎక్స్ (Yadif 2x) అనే పద్ధతిని ఎంచుకున్నప్పుడు ప్రతి ఫీల్డూ ఒక పూర్తి ఫ్రేముగా మారి సెకనుకు 50 ఫ్రేములు వచ్చాయి. పక్కన కూర్చున్న అమ్మ, "గింజ గింజా విడివిడిగా కనిపిస్తోందిరా" అంది. గీతలు పడిన చోట్ల కూడా ఆకుపచ్చ గడులు పోయాయి. పాడైన ముక్కను పక్క ఫ్రేముల ఆధారంగా పూడ్చి ముందుకు సాగే ఓర్పు సాఫ్ట్‌వేర్ డికోడర్‌కే ఎక్కువని ఈ డిస్కులతో నాకు నమ్మకం కుదిరింది.

వీటన్నిటినీ ఎంపీ4గా మార్చేయమని తెలిసినవారు కొందరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. మార్చేటప్పుడు ఫీల్డులను సరిగా విడదీయకపోతే ఆ లోపం ఫైలులోనే శాశ్వతంగా ఉండిపోతుంది. సెకనుకు 25 ఫ్రేములకు కుదిస్తే సగం కదలిక పోతుంది. అందుకే గుంటూరులో ఉన్న అక్కకు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో వీఓబీ ఫైళ్లను (డీవీడీలో వీడియో ఉండే ఫైళ్లు) ఉన్నవి ఉన్నట్లే ఉంచి, వీఎల్‌సీలో మార్చవలసిన ఆ రెండు సెట్టింగులను కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చాను.