బాగు అంటే రెండు

విజయనగరం స్టేషన్‌లో గుణుపురం ప్యాసింజర్ కోసం కూర్చుని ఉండగా నాన్న ఫోన్ చేశారు. "ఒరే, అక్కడ వాక్యం ధైర్యంగా చెప్పు. కంగారు పడకు." సరే నాన్నా అన్నాను. అసలు సంగతి చెప్పలేదు. ఆ పదిహేను రోజులూ నేను వాక్యం, అంటే బైబిలు ప్రసంగం, చెప్పకూడదు. సంచిలో ఒక్క కరపత్రం కూడా ఉండకూడదు. బయల్దేరే ముందు మిషనరీ ట్రైనింగ్‌వాళ్లు మా సంచులు విప్పి చూశారు కూడా.

మాది సామర్లకోట దగ్గర పల్లె. నాన్న బాప్టిస్టు సంఘం పాస్టరు. నేను పన్నెండేళ్లకే మైకు పట్టుకున్నాను. క్రిస్మస్‌కి, ఉజ్జీవ కూటాలకి, ఎవరింట్లో కృతజ్ఞత కూడిక జరిగినా "అయ్యగారి అబ్బాయి రెండు మాటలు చెబుతాడు" అనేవారు. ఆ రెండు మాటలు నలభై నిమిషాలయ్యేవి. కెనడా దొర మెక్‌లారిన్ 1874లో కాకినాడ వచ్చాడనీ, ఆయనకంటే ముందే టెలిగ్రాఫు శాఖలో పనిచేసిన థామస్ గాబ్రియేలు అనే మన మనిషే అక్కడ పని మొదలుపెట్టాడనీ చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. డిగ్రీ అయ్యాక నాకు దేవుడి పిలుపు ఉందన్నాను. నిజంగానే ఉందనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. కాకపోతే ఆ పిలుపులో సగం నా గొంతు మీద నాకున్న మోజు. అది ట్రైనింగ్‌లో తేలింది.

ట్రైనింగ్ తొమ్మిది నెలలు. తెల్లవారుజామున 5 గంటలకి గంట కొడతారు. లేచి ఒంటరిగా ప్రార్థన, తర్వాత అందరం కలిసి ఆరాధన, తర్వాత చీపుర్లు. మరుగుదొడ్లు కడిగే వంతు ఎవరికీ తప్పదు, పెళ్లయి పిల్లలున్న బ్రదర్స్‌కైనా సరే. ఫోన్ ఆదివారం సాయంత్రమూ, ప్రయాణాల్లోనూ మాత్రమే చేతికిస్తారు. బైబిలు క్లాసులు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు పాము కరిస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు, సైకిల్ పంక్చర్ ఎలా వేసుకోవాలి, పొయ్యి మీద పదిమందికి అన్నం ఎలా వార్చాలి, అన్నీ నేర్పించారు. ఒక వకీలు గారు వచ్చి ఒడిశాలో 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం గురించి రోజంతా చెప్పారు. బలవంతం చేసి గానీ, ఆశ చూపి గానీ, మోసంతో గానీ ఎవరినీ మతం మార్చకూడదని ఆ చట్టం. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. 1999లో కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌నీ, ఆయన ఇద్దరు చిన్న కొడుకుల్నీ జీపులో తగలబెట్టిన సంగతి అందరికీ తెలుసు. అమ్మకి నా గురించి ఉన్న టెన్షనంతా అదే. ఒడిశా అనే మాట వింటేనే ఆవిడ మొహం మారిపోతుంది.

నాకు మాత్రం ఉచ్చారణ నేర్పే ఫొనెటిక్స్ క్లాసంటే భయం. అద్దం ముందు కూర్చుని నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకోవాలి. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ప, ఫ తేడా పట్టుకోవాలి. మేడమ్ ఇరవై ఏళ్లు కొండల్లో పనిచేసి వచ్చిన మనిషి. మొదటి నెలలోనే నన్ను నిలబెట్టి, "నీకు మాట్లాడ్డం బాగా వచ్చు. నీతో ఇబ్బందే అది" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరి రెండు నెలల ముందు ఇద్దరిద్దరిగా ఏదో ఒక భాష తెలియని ఊరికి పంపుతారు. ఆ ఊరే మనం పనిచేయబోయే ఫీల్డ్ కాదు. అక్కడ వాళ్ల ఇంట్లో ఉండి, వాళ్లు తినేది తిని, వాళ్ల భాష ఎంత పట్టుబడితే అంత పట్టుకుని రావాలి. నాకూ, తిరునల్వేలి నుంచి వచ్చిన ఇంకో బ్రదర్‌కీ ఒడిశాలో గజపతి జిల్లా కొండల్లోని సవర గిరిజనుల పల్లె పడింది. అతనికి తెలుగు రాదు, నాకు అరవం రాదు, ఇద్దరికీ వచ్చింది వచ్చీరాని ఇంగ్లిషు. రైల్లో అతను గర్వంగా చెప్పాడు: వాళ్ల ఊరివాళ్లు 1903లోనే సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, తెలుగు నేర్చుకుని మన డోర్నకల్ వైపు వచ్చారట. వాళ్లలో ఒకరైన అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. "మీ భాష మేం నేర్చుకున్నాం, మా భాష మీరెవరూ నేర్చుకోలేదు" అన్నాడు. జవాబు దొరకలేదు. పల్లీలు కొనిచ్చాను.

నౌపడ దగ్గర మెయిన్ లైను వదిలాక రైలు నింపాదిగా వెళ్లింది. ఈ లైను పర్లాకిమిడి రాజావారు వేయించింది, 1900లో మొదలైనప్పుడు బుల్లి నారోగేజి. ఇప్పుడు బ్రాడ్‌గేజి. పాతపట్నం దాటితే ఆంధ్ర అయిపోతుంది. స్టేషన్ బోర్డు మీద అక్షరాలు మారతాయి గానీ ప్లాట్‌ఫారం మీద మాటలు మారవు. టీ అమ్మే అబ్బాయి ఒకరితో ఒడియా, ఇంకొకరితో తెలుగు, మధ్యలో ఎవరినో తిట్టడానికి రెండూ కలిపి మాట్లాడాడు.

మమ్మల్ని తీసుకెళ్లాల్సిన జీపు పర్లాకిమిడిలో ఆగిపోయింది. ఏదో బేరింగ్ పోయిందన్నారు, సాయంత్రం అవుతుందన్నారు. ఊరంతా తిరిగాం. నాకు ఆ ఊరంటే గిడుగు రామ్మూర్తి పంతులుగారే. ఏటా ఆగస్టు 29న మనం దండ వేసే ఆయనే. వ్యావహారిక భాష కోసం పోట్లాడారని మనకి తెలుసు. అంతకుముందే రాజావారి బడిలో చరిత్ర చెబుతూ ఆయన సవర భాష మీద పడ్డారు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, పోషించి, అతని దగ్గర ఒక్కొక్క మాట నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఆ కొండల్లో మలేరియా తగులుకుంటే వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చిందంటారు. చెవితో ఒక భాషని పట్టుకున్న మనిషికి ఆ భాష కోసమే చెవులు పోయాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోతే ఇష్టం లేక రాజమండ్రి వెళ్లిపోయారు. జీపు రిపేరయ్యే చోట బల్ల మీద కూర్చుని మా తమిళ బ్రదర్‌కి ఇదంతా నా ఇంగ్లిషులో చెప్పాను. "ఆయన మిషనరీయా?" అని అడిగాడు. కాదన్నాను. "మరి ఎందుకు నేర్చుకున్నాడు?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

గుమ్మ దాటాక చీకటి పడింది. పల్లెకి చేరేసరికి కుక్కలు తప్ప ఎవరూ మేలుకుని లేరు. సంఘ పెద్ద టార్చిలైటుతో వచ్చి మమ్మల్ని తీసుకెళ్లాడు. ఆయనకి ఒడియా వచ్చు, సంతల్లో పట్టిన తెలుగూ కొంత వచ్చు. రాత్రి పెట్టిన అంబలి తాగి, దోమతెరలు కట్టుకుని పడుకున్నాం. దోమతెర విషయంలో ట్రైనింగ్‌లో కనికరం లేదు. మర్చిపోయినవాళ్లకి మర్నాడు మరుగుదొడ్ల వంతు డబుల్.

పొద్దున్న చూస్తే ఊరు ఒకే వీధి. గోడకి గోడ అంటించి రెండు వరసల ఇళ్లు. వెనక కొండ మీద రాళ్లు పేర్చి మెట్లు మెట్లుగా కట్టిన పొలాలు. మా గోదావరి డెల్టాలో నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. ఇక్కడ ఒక్కొక్క మడి కోసం ఎన్ని తరాలు రాళ్లు మోశాయో. అక్కడ మాకు గురువు ఎనిమిదేళ్ల పిల్ల. సంఘ పెద్ద మనవరాలు. వేళ్లు చూపించి అబోయ్, బాగు, యాగి అంది. ఒకటి, రెండు, మూడు. నేను రెండు వేళ్లు ఎత్తి "బాగు" అంటే మా ఊరి భాషలో మంచిదని అర్థం వచ్చేలా తల ఊపి, నవ్వి, నానా తంటాలు పడ్డాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. బాగు అంటే రెండు, అంతే.

పన్నెండు దాకా విడివిడి పేర్లున్నాయి. పదమూడు అనాలంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఇరవైకి మళ్లీ కొత్త లెక్క. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. డిగ్రీలో మ్యాథ్స్ చదివినవాణ్ణి, బొటనవేలితో మట్టిలో గీతలు గీసుకుని కూడుకున్నాను. ఇక నీళ్లు. డా అని, గొంతు టక్కున మూసి, మళ్లీ అ అని వదలాలి. మధ్యలో ఆ మూసుకోవడం నాకు రాదు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్లే ప్రతి ఆడమనిషీ ఆగి నా చేత ఒకసారి అనిపించి నవ్వి వెళ్లేది. మూడో రోజుకి నా పేరు పోయి నేను నీళ్లనే అయిపోయాను.

ఒక భాషకి ఎన్ని లిపులు ఉండొచ్చో కూడా అక్కడే చూశాను. సంఘ పెద్ద చేతిలోని పాటల పుస్తకం ఇంగ్లిషు అక్షరాల్లో ఉంది, కెనడా దొరలు పెట్టిన అలవాటు. బడిలో ఒడియా. ఆంధ్ర వైపు సవరలకి తెలుగు అక్షరాలు. ఇవి కాక 1936లో మంగేయి గొమాంగో అనే ఆయన కనిపెట్టిన సొరంగ్ సొంపెంగ్ ఉంది. దాన్ని నమ్మేవాళ్లు ఆ అక్షరాలనే దేవుడిగా కొలుస్తారు. ఎవరి పుస్తకం ఇంకొకరు చదవలేరు. నోటితో మాట్లాడుకుంటే అందరిదీ ఒకటే.

ఊటబావి దగ్గర ఒక ముసలమ్మ ఉండేది. చెవి తమ్మెలు సాగి వేలాడేవి, గడ్డం మీద పచ్చబొట్టు. చనిపోయినవాళ్లు ఆమె మీదకి వచ్చి, ఆమె నోటితో మాట్లాడతారని ఊళ్లో అందరికీ తెలుసు. సవరల పాత నమ్మకంలో అదే ముఖ్యం. పోయినవాళ్లతో ఇంటివాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు, దెబ్బలాడతారు, ఏడుస్తారు. మా నోట్సులో దీని మీద ఒక పేజీ ఉంది. ఏం జవాబు చెప్పాలో కూడా కింద రాసి ఉంది. కానీ ఆవిడ నాకు రోజూ పనసతొనలు తెచ్చి పెట్టేది. డాఅ అనడం చివరికి నాకు వచ్చింది కూడా ఆవిడ నా గొంతు మీద వేలు పెట్టి చూపించాకే.

ఆవిడ సంఘ పెద్దకి స్వయానా తల్లి. ఆ సంగతి వారం దాటాక తెలిసింది. నేను ఆశ్చర్యపోతే ఆయన తనకి వచ్చిన తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. "మా నాన్న పోయాక అమ్మ నోటితోనే మాతో మాట్లాడాడు. ఇప్పుడు మేం గుడికి పోతాం, నాన్నతో మాట్లాడం. అమ్మ ఒక్కతే మాట్లాడుతుంది." కాసేపు ఆగి, "ఆయన ఒక్కడైపోయాడు కదా" అన్నాడు. పాతికేళ్ల నుంచి సంఘాన్ని నడుపుతున్న మనిషి. నోట్సులో ఉన్న జవాబు నా నాలుక చివర దాకా వచ్చింది. చెప్పలేదు. రూలు ఉందని మాత్రమే కాదు. ఆయన నన్నేమీ అడగలేదు, చెప్పాడంతే.

పదకొండో రోజు జ్వరం వచ్చింది. ఆశా కార్యకర్త వచ్చి వేలి మీద గుచ్చి రక్తం పరీక్ష చేసింది. మలేరియా కాదంది. ఆ రాత్రి మాత్రం వణుకుతూ పడుకుని చెవులు తడుముకుంటూనే ఉన్నాను, పంతులుగారు గుర్తొచ్చి.

చివరి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నన్ను లేచి నిలబడమన్నాడు. వాక్యం కాదు, నీ గురించి చెప్పు, మా భాషలో, అన్నాడు. మైకు లేదు. అరవై మంది దాకా ఉన్నారు. పేరు చెప్పాను, ఊరు చెప్పాను. వయసు దగ్గరికి వచ్చాక ఇరవై మూడుకి ఇరవై పక్కన మూడు పెట్టాల్సింది పోయి, కంగారులో మధ్యలో పన్నెండు దూర్చేశాను. ముప్పై అయిదేళ్లవాణ్ణి అయిపోయాను. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత గుడంతా నవ్వింది. గుమ్మం బయట కూర్చుని ఉన్న ముసలమ్మ గట్టిగా ఏదో అంది. ఇంకా నవ్వారు. ముప్పై అయిదు వచ్చినా పెళ్లి చేయలేదా వీడికి పాపం, అందట. నా ప్రసంగం అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

తిరిగి వచ్చాక ఫీల్డ్ లిస్టు పెట్టారు. నాకు జార్ఖండ్, ఖూంటీ వైపు, ముండా గిరిజనుల మధ్య. ఫొనెటిక్స్ మేడమ్ పిలిచి, సవరలో నీళ్లు అనమన్నారు. గొంతు మూసి, వదిలి, అన్నాను. "అక్కడ ముండారీలోనూ ఇంచుమించు అదే మాట, ఒకే కుటుంబం" అన్నారు. ఇంకో మాట కూడా అంటారేమోనని చూశాను. వెళ్లి అంట్లు తోమమన్నారు, ఆ రోజు నా వంతు.

ఆదివారం ఫోన్ ఇచ్చినప్పుడు నాన్న మొదటి ప్రశ్న: "వాక్యం బాగా చెప్పావా?"

"నా వయసు చెప్పాను నాన్నా. అదీ తప్పు చెప్పాను."

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత అమ్మ ఫోన్ లాక్కుని, ఏం తిన్నావని అడిగింది.