పన్నెండు నిమిషాల కోసం మూడు రోజులు

మాంచెస్టర్ పికడిలీలో రైలెక్కితే స్టాక్‌పోర్ట్ పది నిమిషాలు. స్టేషన్ వచ్చే ముందు ఊరి మీదుగా ఒక ఇటుక వంతెన దాటుతుంది. 1840లో కట్టారట, 27 ఆర్చిలు. కిటికీలోంచి చూస్తే కింద ఇళ్ల కప్పులు, వాటి మీద సన్నని తుంపర. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వెళ్లకుండా ఇటెందుకు వెళ్తున్నావని హోటల్ కుర్రాడు అడిగాడు. జార్జ్ బెస్ట్ కోసం అన్నాను. బెస్ట్ ఆడింది ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కదా అన్నాడు. ఇక్కడ కూడా ఆడాడు, మూడే మ్యాచ్‌లు అన్నాను. కుర్రాడికి ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం వాడి తప్పు కాదు, అది 1975 నాటి మాట.

ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు ఇదో పిచ్చి. పెద్ద ఆటగాళ్లు కప్పులు ఎత్తిన చోట్ల మీద నాకంత మోజు లేదు. మోకాళ్లు అరిగాక, పెద్ద క్లబ్బులు వద్దన్నాక, వాళ్లు వచ్చి నాలుగు రోజులు ఆడిపోయిన చిన్న గ్రౌండ్లంటేనే ఇష్టం. అక్కడివాళ్లకి ఆ నాలుగు రోజులు ఎలా గుర్తున్నాయో వినాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. అందుకే మూడు రోజులు, మూడు ఊళ్లు పెట్టుకున్నాను: స్టాక్‌పోర్ట్, బోల్టన్, గార్‌ఫోర్త్.

స్టేషన్ నుంచి ఎడ్జ్‌లీ పార్క్‌కి నడిచి వెళ్లొచ్చు. ఇళ్ల వరుసల మధ్యలో ఉన్నట్టుండి స్టాండ్ గోడ కనిపిస్తుంది. స్టాక్‌పోర్ట్ కౌంటీ 1902 నుంచి ఇక్కడే ఆడుతోంది. ఒకప్పుడు ఊరంతా టోపీల ఫ్యాక్టరీలే కాబట్టి జట్టుని ‘హ్యాటర్స్’ అంటారు. ఆ రోజు మ్యాచ్ లేదు, గేట్లు మూసే ఉన్నాయి. ఫోటోలు తీసుకుంటుంటే కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగాడు. బెస్ట్ పేరెత్తగానే కుక్కని గోడ పక్కన కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాడంటే కథ ఉందన్నమాట.

అప్పట్లో కౌంటీ నాలుగో డివిజన్‌లో, అదీ అట్టడుగున ఉండేదట. సొంత గ్రౌండ్ మ్యాచ్‌లు ఎక్కువగా శుక్రవారం రాత్రి పెట్టేవారు. శనివారం పెడితే జనమంతా మాంచెస్టర్ యునైటెడ్‌కో, మాంచెస్టర్ సిటీకో పోతారు కదా మరి. బెస్ట్‌కి అప్పుడు 29 ఏళ్లు. 1968లో యూరోపియన్ కప్పు, అదే ఏడాది యూరప్‌లో ఉత్తమ ఆటగాడన్న బిరుదు అందుకున్నవాడు 1974 మొదట్లో యునైటెడ్‌ని వదిలేసి ఊరూరా తిరుగుతున్నాడు. నవంబరులో స్వాన్సీ మీద ఇక్కడ మొదటి లీగ్ మ్యాచ్ ఆడాడు. 9 వేలమందికి పైగా వచ్చారు, కౌంటీ 3-2తో గెలిచింది, బెస్ట్ గోల్ కొట్టాడు. మొత్తం మూడు మ్యాచ్‌లు, రెండు గోల్స్, అంతే.

పెద్దాయన గోల్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. వాళ్ల నాన్న గురించి చెప్పాడు. ఆయన సిటీ అభిమాని, ఇంట్లో యునైటెడ్ పేరు వినిపిస్తే రేడియో కట్టేసేవాడట. అలాంటి మనిషి ఆ శుక్రవారం కొడుకుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, బెస్ట్ మైదానంలోకి దిగుతుంటే చప్పట్లు కొట్టాడు. “నాన్న చప్పట్లు కొట్టడం నేను అంతకుముందు చూడలేదు” అన్నాడు. కుక్క అప్పటికే విసుగెత్తి లేచి నిలబడింది.

మర్నాడు బోల్టన్. ఊళ్లో ఉండే పాత బర్న్‌డెన్ పార్క్ ఇప్పుడు లేదు. 1997లో క్లబ్ ఊరి బయటికి, హార్విచ్ వైపు మారిపోయింది. హార్విచ్ పార్క్‌వే స్టేషన్‌లో దిగితే ఎదురుగానే స్టేడియం. అందరూ రీబాక్ అనే పిలుస్తారు గానీ పేరు చాలాసార్లు మారింది, ఇప్పుడు టఫ్‌షీట్. బయట నాట్ లాఫ్ట్‌హౌస్ విగ్రహం. బోల్టన్‌లో పుట్టి, ఆటగాడిగా బోల్టన్‌కి తప్ప ఇంకో క్లబ్బుకి ఆడనివాడు ఆయన. మధ్యలో వచ్చిపోయినవాళ్ల గురించి అడగడానికి నేను ఆయన కాళ్ల దగ్గరే నిలబడ్డానని తర్వాత తట్టి నవ్వొచ్చింది.

ఇక్కడ మాత్రం నన్ను ఎవరూ వింతగా చూడలేదు. జే-జే ఒకాచా అనగానే ముగ్గురు చుట్టూ చేరారు. ‘ఎంత గొప్పవాడంటే పేరు రెండుసార్లు పెట్టారు’ అని జే-జే మీద అప్పట్లో ఒక పాట, ఆ మాటే టీషర్టుల మీద కూడా. 2003లో ఆర్సెనల్ మీద కార్నర్ జెండా దగ్గర రే పార్లర్ తల మీదుగా బంతిని మడమతో లేపాడు చూడండి, ఆ సీన్ వాళ్లలో ఒకతను నాకు కాళ్లతో చేసి చూపించబోయాడు. బంతి లేదు, వయసు యాభై పైమాటే. పడబోయి స్నేహితుడి భుజం పట్టుకున్నాడు. అయినా ఎటు నిలబడ్డాడు, బంతి ఏ కాలి పక్కన ఉంది, పార్లర్ ఎటు తిరిగాడు అన్నీ సరిగ్గా చెప్పాడు.

నా లెక్కలో ఒకాచా ఈ కోవలోకి రాడు. వచ్చేటప్పటికి ముప్పై కూడా నిండలేదు, నాలుగేళ్లు ఉన్నాడు, కెప్టెన్‌గా చేశాడు. అది మజిలీ కాదు, కాపురం. అసలు మజిలీ అంటే ఫెర్నాండో హియెర్రోది. రియల్ మాడ్రిడ్‌తో మూడు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచాక ఖతార్‌కి పోయి, అక్కడి నుంచి 2004లో 36 ఏళ్ల వయసులో బోల్టన్‌లో దిగాడు. ఒకే ఒక్క సీజన్. పరుగెత్తాల్సిన అవసరం లేకుండా డిఫెన్స్ ముందు నిలబడి, అటు అంచు నుంచి ఇటు అంచుకి పొడుగు పాస్‌లు వేసేవాడు. ఆ సీజన్‌లో బోల్టన్ ఆరో స్థానంలో నిలిచి మొదటిసారి యూరప్ క్లబ్బుల పోటీ యూఈఎఫ్‌ఏ కప్‌కి వెళ్లింది. చివరి రోజు ఎవర్టన్ మీద 3-2. అదే హియెర్రోకి ఆటగాడిగా చివరి మ్యాచ్.

ఈ మాట అంటే ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన జోర్కాయెఫ్ సంగతి మర్చిపోయావన్నాడు. 1998 ప్రపంచ కప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టులోని మనిషి 2002లో, బోల్టన్ దిగువ డివిజన్‌కి జారిపోతుందేమో అన్న టెన్షన్‌లో అందరూ ఉన్నప్పుడు వచ్చాడు. అతను వచ్చాకే మిగతావాళ్లకి ధైర్యం వచ్చిందంటాడు ఆయన. నిజమే అయ్యుండొచ్చు. అప్పటి మేనేజర్ శామ్ అల్లర్‌డైస్ పద్ధతి కూడా ఒకటుంది. ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టే స్తోమత లేదు కాబట్టి కాంట్రాక్టు అయిపోయిన పెద్ద పేర్లని పట్టుకొచ్చేవాడు. ఆ ముసలి కండరాలని కాపాడటానికి ఫిజియోలకీ, ఐస్ బాత్‌లకీ, వీడియో విశ్లేషణకీ ఖర్చు పెట్టేవాడు. బోల్టన్ ఆట మొరటని అప్పట్లో వెక్కిరించినవాళ్లు ఈ సగం చూడలేదనే నా అభిప్రాయం.

మీ దేశానికి ఇలాంటివాళ్లు వచ్చారా అని అడిగారు. వేళ్లు మడుస్తూ చెప్పాను: 2014లో డెల్ పియెరో ఢిల్లీకి, పిరెస్ గోవాకి, అనెల్కా ముంబైకి. ఆ మరుసటేడు రాబెర్టో కార్లోస్ ఢిల్లీకి, 2016లో ఫోర్లాన్ ముంబైకి. అనెల్కా దగ్గర ముగ్గురూ ఒక్కసారే నవ్వారు. వాళ్ల దగ్గరా ఆడాడుగా.

మూడో రోజు శనివారం. గార్‌ఫోర్త్‌కి ఆ రోజు సొంత గ్రౌండ్‌లో మ్యాచ్ ఉందని చూసుకునే ప్లాన్ వేసుకున్నాను. కానీ కొండలు దాటి లీడ్స్ వెళ్లాల్సిన రైలు రద్దయింది. తర్వాతి దాంట్లో రెండు రైళ్ల జనం. తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడి లీడ్స్ చేరి, అక్కడ మారి, గార్‌ఫోర్త్‌లో దిగి పరుగులాంటి నడకతో గ్రౌండ్‌కి వెళ్లేసరికి ఆట మొదలై ఇరవై నిమిషాలైంది.

నేను ఇంత దూరం వచ్చింది ఒక పన్నెండు నిమిషాల కోసం. 2004 నవంబర్ 20న, టాడ్‌కాస్టర్ ఆల్బియన్ మీద మ్యాచ్‌లో, ఇక్కడ సోక్రటీస్ ఆడాడు. 1982 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ కెప్టెన్, చదువుకున్న డాక్టర్, అప్పటికి 50 ఏళ్లు. బ్రెజిల్ పద్ధతిలో పిల్లలకి ఫుట్‌బాల్ స్కూళ్లు నడిపే సైమన్ క్లిఫర్డ్ ఈ క్లబ్ కొని, దీన్ని ఎప్పటికైనా ప్రీమియర్ లీగ్‌కి తీసుకెళ్తానని కూర్చున్నాడు. ఆయనే సోక్రటీస్‌ని నెల రోజుల ఒప్పందం మీద ఆటగాడు కమ్ కోచ్‌గా రప్పించాడు. నవంబర్ చలిలో బెంచి మీద ముడుచుకు కూర్చున్న మనిషి చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, దూరం నుంచి ఒక షాట్ కొట్టాడు, గోల్‌కీపర్ ఆపాడు. మ్యాచ్ 2-2. మళ్లీ ఇక్కడ ఆడలేదు. వార్మప్ బదులు రెండు బీర్లు, మూడు సిగరెట్లు కొట్టి దిగాడని క్లిఫర్డ్ తర్వాత చెప్పిన కథ అందరికీ కంఠతా వచ్చు.

నా పక్కన రెయిలింగ్‌కి ఆనుకున్నాయన ఇంకో కథ చెప్పాడు. సోక్రటీస్ డబ్లిన్‌లో వైద్యం చదువుతూ అక్కడి యూనివర్సిటీ జట్టుకి ఆడాడట. అది ఉత్త పుకారు. ఆయన చదివింది బ్రెజిల్‌లోనే, ఈ సంగతి ఎప్పుడో తేలిపోయింది. చెబుదామనుకుని ఊరుకున్నాను. ఆయన అంత ముచ్చటగా చెబుతుంటే నాకేం పోయింది?

హాఫ్ టైమ్‌లో టీ కోసం లైన్లో నిలబడ్డాను. కౌంటర్ అంటే గోడలో ఒక కిటికీ, లోపల పెద్ద నీళ్ల బాయిలర్, బల్ల మీద వరసగా కాగితం కప్పులు. లోపలున్న పెద్దావిడ ఒక్కో కప్పులో టీ బ్యాగ్ వేసి, నీళ్లు పోసి, చూడకుండానే స్పూన్‌తో నొక్కి తీసేస్తోంది. ఇక్కడ ఎన్నాళ్లుగా చేస్తున్నారని అడిగాను. లెక్కపెట్టలేదంది. అయితే సోక్రటీస్ వచ్చిన రోజు?

“ఆ రోజా? కప్పులు అయిపోయాయి.”

మామూలుగా మ్యాచ్‌కి వచ్చేవాళ్లని చూసుకుని తెచ్చే కప్పులు. ఆ రోజు వెయ్యిమందికి పైగా వచ్చారు, బ్రెజిల్ జెండాలు, టీవీ కెమెరాలు. సగంలోనే కప్పులు అయిపోతే క్లబ్ గదిలోంచి గాజు గ్లాసులు తెచ్చారట, అవీ చాలలేదు. చివరికి ఇంటికి మనిషిని పంపి తన మగ్గులు తెప్పించుకుంది. వాటిలో రెండు తిరిగి రాలేదు.

ఆయన ఆడటం చూశారా అని అడిగాను. చెయ్యి ఆపకుండా తల అడ్డంగా ఊపింది. ఒక్కసారి జనం పెద్దగా అరిచారట, ఆ షాట్ అప్పుడే అయ్యుంటుంది. చూద్దామని వంగితే లైన్లో ముందున్నవాడు పాలు కొంచెం ఎక్కువ పొయ్యమన్నాడు. నేనూ కిటికీ లోపలికి తలపెట్టి చూశాను. అక్కడి నుంచి కనిపించేది ఒక కార్నర్ జెండా, దాని వెనక కంచె, అంతే.

“పాలా?” అంది.

వెనక లైన్ కదులుతోంది. కొంచెం అన్నాను.