ఎవరి తాలూకా?

నిన్న షూటింగ్‌లో కొత్తగా వచ్చిన ప్రొడక్షన్ మేనేజర్ నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, హీరోయిన్ గారి తాలూకానా?" అన్నాడు. చేతిలో క్లాప్ బోర్డు, చంకలో సీన్ పేపర్లు, చెవిలో వాకీటాకీ వైరు... ఇంకేం తగిలించుకోవాలి నేను? "అసిస్టెంట్ డైరెక్టర్‌నండీ" అంటే నాలిక్కరుచుకుని, అందరికంటే ముందు నాకే టీ పంపాడు. మంచోడే పాపం.

రాత్రి అమ్మకి చెప్తే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే, "విజయనిర్మల 44 సినిమాలు తీసి గిన్నిస్‌లోకి ఎక్కలేదటే?" అంది. ఎక్కింది. భానుమతి 1953లోనే 'చండీరాణి'ని మూడు భాషల్లో తీసింది. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీసింది. కానీ అమ్మా, ముగ్గురూ అప్పటికే పెద్ద హీరోయిన్లు. స్టూడియో గేటు దగ్గర వాళ్లని ఎవరి తాలూకా అని అడిగే దమ్ము ఎవడికుంటుంది! నాలా క్లాపు కొట్టుకుంటూ వచ్చినవాళ్ల సంగతి చెప్పు.

"నందినీరెడ్డి లేదూ?"

ఉంది. ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా చేసి, 2011లో 'అలా మొదలైంది' తీసింది.

"ఇంకా?"

బి. జయ అన్నాను. కానీ ఆవిడ సినిమా జర్నలిస్టుగా ఉండి డైరెక్టరైంది. తర్వాత వేళ్లు మడుస్తూ తడుముకుంటుంటే, అమ్మ చిక్కుడుకాయల పళ్లెం నా ముందుకి తోసింది.

రేపు కాల్ టైమ్ ఉదయం 6కి.