పక్కింటి కుర్రాడి భూప్రదక్షిణ

పుణెలో మా పక్కింటి కుర్రాడికి పద్దెనిమిదేళ్లు. సైకిలు మీద ప్రపంచం చుట్టి, రికార్డు కొట్టి, పిల్లల వైద్యానికి విరాళాలు పోగుచేస్తాడట. "ఆంటీ, స్పాన్సర్ చేస్తారా?" అన్నాడు. సేవ పేరు చెప్పి షికారు కాదు కదా అని నా అనుమానం.

గిన్నిస్ లెక్క విన్నాక నోరు మూతపడింది. తొక్కాల్సిందే 28,970 కిలోమీటర్లు. విమానాలతో కలిపి మొత్తం ప్రయాణం 40,075కు తగ్గకూడదు. భూగోళం మీద ఒకదానికొకటి సరిగ్గా అవతలివైపున్న రెండు చోట్లను తాకాలి. అందుకే చాలామంది స్పెయిన్‌నూ న్యూజిలాండ్‌నూ దారిలో కలుపుకుంటారు.

వీడికి ఆదర్శం ఈ ఊరి అమ్మాయి వేదాంగి కులకర్ణి. 2018లో ఇరవై ఏళ్లకే ఆ పని పూర్తిచేసింది. కెనడాలో ఎలుగుబంటి వెంటపడింది, స్పెయిన్‌లో దొంగలు కత్తి చూపి దోచుకున్నారు. ఆ సంగతులు మా కుర్రాడి అమ్మ దగ్గర నేను ఎత్తలేదు.

చివరికి నన్ను ఒప్పించింది వాడి నోటుపుస్తకం. పేజీ మధ్యలో స్కేలుతో గీత. ఎడమవైపు టైర్లు, గొలుసులు, వీసాలు, విమాన టికెట్లు: ఇవి స్పాన్సర్లవి. కుడివైపు విరాళాలు: నేరుగా ఆసుపత్రి ఖాతాకే. పెద్దవాళ్ల ట్రస్టుల్లో ఎన్నింటికి ఉంటుంది ఆ గీత?

ఒక వీసా ఖర్చు నాది. టైర్లకు ఇంకా ఎవరూ దొరకలేదు. సైకిలు దుకాణం వాళ్లెవరైనా చదువుతుంటే చెప్పండి, పంపిస్తాను.