మారతహళ్ళి అతుకుతో గుల్మార్గ్ మంచులోకి

మా టీమ్‌లో ఒకాయన అమెరికా నుంచి తిరిగొస్తూ తెచ్చుకున్న, మంచు మీద జారే పలకకి కాళ్ళు బిగించుకునే స్నోబోర్డ్ బూట్లు, బెంగళూరులో వాటితో ఏం చేయాలో తోచక బాల్కనీలో పడేసి ఉంటే, నాలుగు వేలిచ్చి నేను తెచ్చుకున్నాను. లోపల నాలుక మీద లేబుల్‌లో 28 అని ఉంది. ఆ అంకె పాదం పొడవని, సెంటీమీటర్లలో అని అప్పటికి నాకు తెలియదు. ఇంటికొచ్చి గోడకి మడమ ఆనించి కొలుచుకుంటే నా పాదం సరిగ్గా 27. సెంటీమీటరే కదా అనిపిస్తుంది గానీ, బూట్లు బిగించుకుని మునివేళ్ళ మీద లేచి చూస్తే నా మడమ లోపల పైకి లేస్తోంది, బూటు మాత్రం కదలకుండా నేల మీదే ఉంది.

"రెండు జతల సాక్సులు వేసుకోరా, చలికి చలీ ఆగుతుంది, బిగువుకి బిగువూ వస్తుంది" అన్నాడు మా రూమ్మేటు. మదనపల్లె వాడు, మంచు సినిమాల్లో తప్ప చూడలేదు. నేనూ చూడలేదు కాబట్టి నమ్మేశాను.

అయినా మనసొప్పక మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. కదిరి వైపు మనిషి, నా మాట వినగానే తెలుగులోకి దిగిపోయాడు. "ఏం నాయనా, ఇవి బూట్లా, బకెట్లా?" అని అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగున మందంగా ఒక అట్ట వేయమన్నాను. వేయలేదు. ముందు తొడుక్కొని నిలబడమన్నాడు, మోకాళ్ళు వంచమన్నాడు, మునివేళ్ళ మీద లేవమన్నాడు. మోకాళ్ళు వంచినప్పుడు నా వేళ్ళు బూటు ముందు భాగానికి తగిలీ తగలనట్టు ఉన్నాయి, అక్కడ బాగానే ఉంది. ఖాళీ అంతా వెనకాల, చీలమండ ఎముకకీ మడమ నరానికీ మధ్య ఉన్న గుంటలో. "ఖాళీ యాడుందో ఆడ పెట్టాల, అట్ట ఏసుకుంటా పోతే నీ కాలు పైకి లేస్చాది గానీ మడమ పట్టదు" అన్నాడు. ఆయన జీవితంలో స్నోబోర్డ్ చూసి ఉండడు. కానీ నేను ఫోన్లో చూపించిన బొమ్మలోనూ అదే ఉంది, ఇంగ్లీషు జె అక్షరంలా వంగిన ఫోమ్ ముక్కలు చీలమండ కింద నుంచి వెనక్కి తిరిగి ఉంటాయి.

ఈ బూట్లలో లోపల ఇంకో మెత్తటి బూటు ఉంటుంది, లైనర్ అంటారు, బయటికి లాగేయొచ్చు. పెద్దాయన దాన్ని నా కాలికి తొడిగి, పైనుంచి వేలితో ఎముక ఎక్కడుందో నొక్కి చూసి చుట్టూ సుద్దతో గీత గీశాడు. అర సెంటీమీటరు మందం ఫోమ్ తీసుకుని రంపెతో నాలుగు ముక్కలు కోశాడు, కాలికి రెండు. అంచులు నిలువుగా వదిలేయకుండా ఏటవాలుగా చెక్కాడు, లేకపోతే ఆ అంచే ఒత్తుకుంటుందట. సొల్యూషన్ రాసి, ఆరబెట్టి, లైనర్ బయటి వైపు అతికించాడు. లోపల అతికిస్తే కాలికి గుచ్చుకుంటుంది, బయట ఉంటే గట్టి బూటే దాన్ని లోపలికి నొక్కుతుంది. నూట ఇరవై రూపాయలు తీసుకున్నాడు. కుట్టు కూడా వేస్తానన్నాడు, నాకే టైం లేక వద్దన్నాను.

ఆ రాత్రి రెండు పాత సాక్సుల్లో సోనామసూరి బియ్యం పోసి మైక్రోవేవ్‌లో వేడి చేసి, లైనర్లలో కాసేపు కుక్కి, వెచ్చబడ్డాక వాటిని తీసేసి బూట్లు తొడుక్కొని పావుగంట నిలబడ్డాను. వేడి చేస్తే బిగువొస్తుందనుకుంటారు చాలామంది, రాదు. ఫోమ్ మెత్తబడి కాలి ఆకారానికి కూర్చుంటుంది, ఆ లెక్కన కొంచెం వదులే అవుతుంది. అందుకే ముక్కలు అతికించాకే చేశాను. "ఆ బియ్యం మళ్ళీ డబ్బాలో పోయకురా" అని గుమ్మంలో నిలబడి కాపలా కాశాడు మా వాడు.

ఫిబ్రవరిలో బయల్దేరాం. బూట్లు చెకిన్‌లో వేయలేదు, లేసులు ముడేసి మెడలో దండలా వేసుకుని విమానం ఎక్కాను. బోర్డు పోతే అద్దెకు దొరుకుతుంది, కాలికి కుదిరిన బూట్లు దొరకవు కదా. శ్రీనగర్ నుంచి టంగ్‌మార్గ్ దాకా టాక్సీలో, అక్కడ చక్రాలకి గొలుసులు కట్టిన బండిలోకి మారి 13 కిలోమీటర్ల ఘాట్ ఎక్కితే గుల్మార్గ్, సుమారు 2,650 మీటర్ల ఎత్తు. దేవదారు చెట్ల మీద మంచు చూసి మా వాడు కాసేపు మాట్లాడలేదు, అది అరుదు.

మొదటి రోజు చెడగొట్టుకున్నది నేనే. చలి భయంతో రెండు సాక్సులూ వేసుకున్నాను, పైగా లేసులన్నీ ఊపిరాడనంతగా బిగించాను. అరగంటకే వేళ్ళకి స్పర్శ పోయింది. రక్తం ఆడకపోతే ఎన్ని సాక్సులున్నా కాలు చల్లబడుతుందని, రెండు సాక్సులు ఒకదాని మీద ఒకటి జారి ముడతలు పడతాయని హిందీలో చివాట్లు పెట్టాడు నేర్పించే కాశ్మీరీ కుర్రాడు. అక్కడే మంచులో కూర్చోబెట్టి ఒక జత తీయించాడు. పల్చటి ఊలు సాక్సు ఒక్కటే మిగిల్చి, బూటు తొడిగాక వేళ్ళు పైకెత్తి మడమని నేలకేసి నాలుగుసార్లు గట్టిగా కొట్టమన్నాడు, మడమ వెనక్కి వెళ్ళి కూర్చోవడానికి. తర్వాత లైనర్‌కి ఉన్న సొంత తాడు, తర్వాత బయటి లేసులు. పాదం మీద మామూలుగా, చీలమండ దగ్గర గట్టిగా.

లేచి నిలబడితే మడమ కదల్లేదు. బోర్డు వేళ్ళ వైపు అంచు మీద తిరగాలంటే మడమ బూటుతో కలిసి పైకి లేవాలి. వదులు బూటులో కాలు లేస్తుంది, బోర్డు మాత్రం అలాగే పడి ఉంటుంది, అది కదిలేలోపు మనం పడిపోతాం. ఇప్పుడు నేను ఒరగగానే బోర్డూ ఒరిగింది. తర్వాత కూడా పడ్డాను, లెక్కలేనన్నిసార్లు, కానీ ఆ పడటాలకి బూట్లని తిట్టే అవకాశం లేకుండా పోయింది. మూడో రోజు గొండోలాలో, అంటే రోప్‌వేలో, మధ్య స్టేషన్ కొంగ్డూరి దాకా వెళ్ళి కహ్వా అనే కాశ్మీరీ టీ తాగి, దిగేటప్పుడు బోర్డు చంకలో పెట్టుకుని గొండోలాలోనే దిగాం. అంత ధైర్యం ఇంకా రాలేదు.

ఆ రాత్రే ఇంకో తప్పు చేశాను. తడిసిన లైనర్లు త్వరగా ఆరాలని గదిని వెచ్చబెట్టే కట్టెల పొయ్యి, బుఖారీ, పక్కనే పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే సొల్యూషన్ కరిగి ఎడమ కాలి ముక్క ఒకటి జారి కింద పడి ఉంది. డక్ట్ టేపు చుట్టి ఆఖరి రోజు గడిపేశాను.

బెంగళూరు వచ్చాక ఆదివారం మళ్ళీ బ్రిడ్జి దగ్గరికెళ్ళాను. పెద్దాయన టేపు పీకి చూసి, "కుట్టు వద్దంటివి కదా నాయనా" అని ఆరెకి దారం ఎక్కించుకున్నాడు.