ప్యానెల్‌కి కుంకుమ బొట్టు

"సార్, దాన్ని ముట్టుకోవద్దన్నారు!" ఎనిమిదో తరగతి పిల్లాడు నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

ఈరోజు డిప్యుటేషన్ మీద వెళ్లిన బడి. గోడకి, ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం కింద వచ్చిన ఐఎఫ్‌పీ ప్యానెల్, అంటే వేలితో తాకి పాఠాలు చూపించే పెద్ద డిజిటల్ తెర. పైన పూల గుడ్డ కవరు, అంచున దసరా నాటి కుంకుమ బొట్టు. ఆయుధ పూజ మాత్రం లోటు లేకుండా చేశారు!

ప్యానెల్ ఎందుకు వాడట్లేదంటే నెట్ రాదు, కరెంటు పోతుంది, ట్రైనింగ్ చాల్లేదు అని రిపోర్టుల్లో రాస్తూనే ఉంటాం. అవీ నిజమే. కానీ స్టాఫ్ రూమ్‌లో విన్నది ఒకటే మాట: "పాడైతే ఎవరు కట్టాలండీ?" ఈ టెన్షన్‌కి ఏ ఫారంలోనూ కాలమ్ లేదు. మాస్టార్లని తప్పుపట్టలేను. విరిగిన బెంచీకే సంజాయిషీ రాసుకునే ఉద్యోగాలు మనవి.

హెడ్‌మాస్టర్ గారిని ఒప్పించి, పెన్‌డ్రైవ్‌తో గుండె కొట్టుకునే వీడియో వేశాను. రేపు సోషల్ మేడమ్ మ్యాపులు చూపిస్తారట.