చిలుకూరులో 108

అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లాలి, వీసా వస్తే 108 ప్రదక్షిణలు చేస్తానని చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నాను. వచ్చింది! స్వామివారి రోజు కదా అని మొన్న శనివారం బయల్దేరితే ఊరంతా అక్కడే ఉంది.

ఈ గుడిలో హుండీ లేదు, టికెట్ లేదు, వీఐపీ దర్శనం లేదు. ఎంత గొప్పవాళ్లయినా లైన్లో నిలబడాల్సిందే. మా అత్తగారికి మాత్రం నచ్చనిది ఒకటుంది. "మా రోజుల్లో ఈ కార్డులూ పెన్నులూ ఎక్కడివే" అంటారు. కార్డు మీద 1 నుంచి 108 దాకా గళ్లుంటాయి, చుట్టు అయినప్పుడల్లా ఒక అంకె కొట్టేయాలి. నాకైతే జపమాల తిప్పినట్టే ఉంది. అసలీ గుడి ఎప్పుడు కాలంతో నడవలేదు? చైనా యుద్ధం జరిగిన మరుసటి ఏడు, 1963లో ప్రతిష్ఠించిన అమ్మవారికి, దేశం గట్టెక్కిందని రాజ్యలక్ష్మి అని పేరు పెట్టుకున్నారు. 2018లో ఇక్కడి అర్చకులు రంగరాజన్ గారు జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద మోసుకెళ్లారు, ఆనాడు శ్రీరంగం అర్చకుడు లోకసారంగ ముని, అంటరానివాడని గుడి బయటే ఉండిపోయిన భక్తుడు తిరుప్పాణాళ్వారును మోసినట్టు. ఆ ఫొటో చూసి మా అత్తగారు దండం పెట్టారు. కార్డుల దగ్గర మాత్రం రాజీ లేదు!

ఎండకి కాళ్లు కాలుతున్నాయి, మోకాళ్లు సరేసరి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కుర్రాళ్లు ఒకటే పరుగు. పరుగెత్తకండి బాబూ అని మైకులో చెబుతున్నా వినేదెవరు? గోవిందా అనబోతుంటే ఎవరిదో బ్యాగు పక్కటెముకల్లో పొడుచుకుంది. డెబ్బై చుట్లు దాటాక పెన్ను చేతిలోంచి జారిపోయింది. వంగి వెతుక్కునే సందు కూడా లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. పక్కన నడుస్తున్న అబ్బాయి, "ఆంటీ, మీరు నడవండి, నేను కొడతా" అని కార్డు అందుకున్నాడు. కోరిక కోరుకునేటప్పుడు 11 చుట్లే కదా, తనవి ఎప్పుడో అయిపోయాయట. అయినా ప్రతి చుట్టుకీ అంకె పైకి చదువుతూ, నన్ను గోడ వైపు ఉంచి, తోపులన్నీ తనే కాచుకుంటూ చివరిదాకా నడిచాడు.

లోపల ఎవరో "కళ్లు మూసుకోకండి, స్వామిని చూడండి" అన్నారు. చూశాను. శ్రీదేవి, భూదేవి, మధ్యలో తులసిమాలలో ఆయన. అడగాలనుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు. అంతలోనే "జరగండమ్మా" అన్నారు.

మెహిదీపట్నం బస్సులో ఆ అబ్బాయి నా పక్కనే కూర్చున్నాడు. వచ్చే వారం తనకీ వీసా ఇంటర్వ్యూ ఉందట. "ఆంటీ, మిమ్మల్ని ఏమేం అడిగారు?" అన్నాడు. దిగేదాకా చెబుతూనే ఉన్నాను.